బట్ట తెలిసినవాడి ఫండు

మొండయ్య తెలివితక్కువవాడేమీ కాదు. ఇరవై రెండేళ్లుగా సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. దారాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి అది తెగేదో నిలిచేదో చెప్పగలడు. తెలియని చోట దెబ్బతింటే సరే అనుకుంటాం. మొండయ్య తనకు బాగా తెలిసిన చోటే తిన్నాడు. కడుపు మండేది అందుకే.

2020 జనవరిలో కూతురు హారతి పన్నెండో తరగతి చదువుతోంది. జూన్‌లో ఆమెను నర్సింగు కాలేజీలో చేర్చాలని మొండయ్య, భార్య సుభాషిణి పదేళ్లు కడుపు మాడ్చుకుని లక్షా ఎనభై వేలు కూడబెట్టారు. ఫీజుకు ఇంకా అరవై వేలు తక్కువ. ఆ అరవై కోసం మొండయ్య, తమ కోసాడ్ కాలనీలోనే పెరిగిన మ్యూచువల్ ఫండ్ల ఏజెంటు రవీంద్ర దగ్గరకు వెళ్లాడు.

రవీంద్ర దాపరికం లేకుండా చెప్పాడు.

"కాకా, గ్రోత్ ఫండంటే వచ్చిన లాభం మన చేతికియ్యరు, మళ్ల అండ్లనే పెడ్తరు. పెరగాలంటే ఐదారేండ్లు ఓపిక పట్టాలె. సెక్టార్ ఫండైతే ఇంకా ఖత్రా. పైసలన్నీ ఒక్క ధందా మీదనే ఉంటయి, అది పడితే అన్నీ పడ్తయి. జూన్‌ల ఫీజు కట్టేదుంటే బ్యాంకులనే ఉండనీ."

మొండయ్య వింటూనే కాగితాలు తిరగేశాడు. మందుల కంపెనీల ఫండు, కంప్యూటర్ కంపెనీల ఫండు, చివర్లో బట్టల కంపెనీల ఫండు. అందులోని పేర్లలో నాలుగు ఆయన రోజూ విప్పే దారం పెట్టెల మీద ఉండేవే. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఈ దారం తెగదురా రవీ. నేను నడిపి చూసిన."

"దారం మంచిగుంటే షేరు మంచిగుంటదని ఏం లేదు కాకా."

"ఏందిరా గట్లంటవ్? మనిషి ఒక పూట తిండి లేకుంట ఉంటడు. బట్ట కట్టకుంట బయటికొస్తడా?"

రవీంద్ర బట్టల ఫండు ఫారం తీసి, లక్షా ఎనభై వేలూ అందులోనే రాసి, సంతకాలు పెట్టించుకున్నాడు.

మార్చిలో మనుషులు బయటికి రావడమే మానేశారు. పెళ్లిళ్లు ఆగాయి, చీరల బజారు మూతపడింది, కార్ఖానాకు తాళం పడింది. మొండయ్య కూలీ, మొండయ్య ఫండు ఒకే వారంలో పోయాయి. రెండూ ఒకే బట్ట మీద నిలబడ్డాయని అప్పుడుగానీ ఆయనకు తట్టలేదు. తట్టి ఏం లాభం?

ఏప్రిల్‌లో చూసుకుంటే ఫండులో తొంభై ఐదు వేలున్నాయి.

"జర ఆగు కాకా, రెండేండ్లు ముట్టకు. ఇప్పుడు అమ్ముకుంటే నష్టం పక్కా అయితది," అని రవీంద్ర ఫోన్‌లో మొత్తుకున్నాడు. మంచి సలహానే, రెండేళ్లు కూర్చుని తినగలిగినవాడికి. సుభాషిణి అడుగంటిన బియ్యం డబ్బా మూత తీసి భర్త ముందు పెట్టింది. మొండయ్య ఫండు అమ్మేశాడు. ఇంటి కిరాయి, కిరాణా, సుభాషిణికి జ్వరమొస్తే ఆసుపత్రి. దీపావళి నాటికి చిల్లిగవ్వ మిగల్లేదు.

హారతి చీరలకు రాళ్లు అతికించే పనికి కూర్చుంది. చీరకు పన్నెండు రూపాయలు. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు, వద్దని కూడా అనలేదు. వద్దనలేకపోయినందుకు మొండయ్య లోలోపల కుమిలిపోయాడు.

మరుసటి ఏడాది వానాకాలానికి బట్టల వ్యాపారం మళ్లీ జోరందుకుంది. సాంచాలు రెండు పూటలా ఆడుతున్నాయి. ఒక ఆదివారం హారతి వేళ్ల జిగురు తుడుచుకుని ఫోన్ చూసింది.

"బాపూ, రవి అన్న మెసేజ్ పెట్టిండు. మన ఫండు గట్లనే ఉంటే ఇయ్యాల్టికి మూడు లక్షల ఇరవై వేలు అయితుండెనట." వేళ్ల మీద లెక్కేసి తనే అంది, "నా ఫీజు పోంగ ఇంకా ఎనభై వేలు మిగులుతుండె."

లెక్క సరిగ్గానే చేసింది. గొంతులో ఏడుపు లేదు, నింద లేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని మొండయ్యకు అనిపించింది.

"పెరిగింది బిడ్డా," అన్నాడు. "మనం లేకుంట పెరిగింది."