గట్టు మీది చెట్లు

బొమ్మ మొదలుపెట్టే ముందు చిత్రకారుడు రుమాలు మీద యూకలిప్టస్ నూనె చల్లి, గాఢంగా పీల్చి, కళ్ళు మూసుకునేవాడు. చిన్ననాటి చెరువు వచ్చి ఎదుట నిలిచేది: ఊదారంగు నీళ్ళు, గట్టున బారులు తీరిన యూకలిప్టస్ చెట్లు. అతనికి అన్నం పెట్టిందీ, పేరు తెచ్చిందీ ఆ చెరువే. అయినా ఆ చోటికి మళ్ళీ వెళ్ళలేదు. చూస్తే జ్ఞాపకం చెడుతుందని అతని సిద్ధాంతం. ఆ మాట సభల్లో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

ప్రదర్శనకు వెళ్ళవలసిన పెద్ద బొమ్మ పూర్తికావస్తుండగా అక్క చూడవచ్చింది. బొమ్మల జోలికి పోయే మనిషి కాదు. కళ్ళజోడు పైకి నెట్టి ఒకసారి, కిందికి దించి ఒకసారి చూసింది.

"ఇదెక్కడి చెరువురా?"

"మనదే అక్కా. నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ వెనకాలది."

"అది చెరువేంట్రా, నీ మొహం! తోళ్ళు కడిగిన నీళ్ళు వదిలే గుంట. మధ్యలో ఈ చెట్లేంటి? అక్కడ గడ్డిపరక మొలిస్తే ఒట్టు."

"చెట్లున్నాయి. ఆ వాసన నాకింకా గుర్తే."

అక్క పకపకా నవ్వింది. "వాసన చెట్లది కాదురా పిచ్చోడా! నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆ కంపుకి వాంతి చేసుకునేవాడివి. అందుకని అమ్మ నీ ముక్కుకి గుడ్డ కట్టి, దాని మీద యూకలిప్టస్ నూనె పోసేది."

అతను నమ్మలేదు. తేల్చుకోవడానికి బస్సెక్కితే చాలు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ వెళ్ళారు.

ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. గుంట ఉంది. గట్టున చెట్టు కాదు కదా, మోడు కూడా లేదు. పేరుకుపోయిన వెంట్రుకలు, కొవ్వు ముద్దలు, తోలు పేలికలు. కుళ్ళిన మాంసం కంపు, సున్నపు ఘాటు కలిసి గొంతులోకి దిగాయి. అతను గట్టునే కూలబడి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

అక్క వీపు రాస్తూ, "అప్పుడూ ఇంతే," అంది.

తలెత్తి చూశాడు. వాలుతున్న ఎండలో నీటి మీది తెట్టు ఊదాగా మెరుస్తోంది, అచ్చం అతని బొమ్మల్లోలాగే. ఫ్యాక్టరీ తొట్లలో నాన్న మోకాలిలోతు దిగి తోళ్ళు ఉతికిన మురికి అది. అయినా కంటికి అందంగానే ఉంది. ఆ కంటి మీదే అతనికి రోత పుట్టింది.

ఇంటికి వచ్చి చెట్లన్నిటినీ గీకేశాడు. వాటి స్థానంలో పేలికలు, వెంట్రుకలు, ముద్దలు వేశాడు. నీటి రంగు జోలికి పోలేదు. బొమ్మలో అబద్ధం కానిది అదొక్కటే.

మర్నాడు బొమ్మ తీసుకువెళ్ళడానికి వచ్చిన గ్యాలరీ యజమాని గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటి సార్ ఇది? చూస్తుంటే కడుపులో దేవుతోంది!"

"నాకూ అంతే. కింద 'మా చెరువు' అని వద్దు. 'తోళ్ళ గుంట' అని రాయించండి."

"ఆ పేరు చూస్తే జనం పారిపోతారండీ!"

"పారిపోనివ్వండి. మా నాన్నకి ఆ వీలు లేకపోయింది."