రెండో పేరు

కాలిపోయిన పంపు మోటారుకు కొత్త రాగితీగ చుడుతున్నాడు కొండలరావు. మోటారును ఒళ్లో పెట్టుకుని, వెదురుబద్దతో తీగను గాడిలోకి నొక్కుతుంటే వేళ్ల కొసలు నల్లబడ్డాయి. బయట శ్రావణమాసపు ముసురు. నల్లవంతెన పక్కన ఆ చిన్న షాపులో పగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది.

గొడుగు ముడుచుకుంటూ సుబ్బమ్మ గుమ్మంలో నిలబడింది. శ్రీవాణి డాక్టరుగారి పురుళ్ల ఆసుపత్రిలో ఆయా ఆవిడ.

“డాక్టరమ్మగారు రమ్మంటున్నారండి. బట్టలారబెట్టే మిషను తిరుగుతుంది గానీ వేడెక్కట్లేదండి. గంగాధరరావుగారికి కబురెడితే ఒంట్లో బాగోలేదన్నారంట.”

చివరి మాట ఆమె మామూలుగానే అంది. కొండలరావుకే గుచ్చుకుంది. ఎప్పుడూ ముందు ఆ పేరే. తర్వాతే తనది.

ఇద్దరూ ఒకే కరెంటు మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు. చేతివేగంలో కొండలరావే ముందుండేవాడు. కానీ గంగాధరం ఏ ఇంటికెళ్లినా పిల్లల పేర్లు కనుక్కుని, ముసలావిడ మోకాళ్ల నొప్పులు అడిగి, మంచినీళ్లు పుచ్చుకుని వచ్చేవాడు. కొండలరావు పని ముగించుకుని వచ్చేవాడు. ఊరు గంగాధరాన్ని తనవాణ్ని చేసుకుంది. కొండలరావుకు పంపు మోటార్లు మిగిలాయి. ఒకసారి ఇంట్లో మిక్సీ ఆగిపోతే భార్య కనకదుర్గ, “పోనీ, గంగాధరం అన్నయ్యగారికి చూపిద్దామేంటండీ?” అంది. ఆమె మనసులో ఏమీ లేదు. ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

ఆసుపత్రి వెనకగది నిండా తడి దుప్పట్ల ముక్కవాసన. తాళ్ల మీద పసిపిల్లల గుడ్డలు వేలాడుతున్నాయి, పిండితే నీళ్లు కారేట్టు. మూలన ఆ మిషను. ఓడలరేవు వైపు చమురుబావుల క్యాంపు ఎత్తేసినప్పుడు వేలంలో కొన్నారు. బిగించిందీ, ఇన్నాళ్లూ చూసుకుందీ గంగాధరమే.

స్విచ్చేశాడు. డ్రమ్ము తిరిగింది. లోపల చెయ్యి పెడితే చల్లగాలి తగిలింది. జాలీలో పేరుకున్న నూగు దులిపి మళ్లీ వేశాడు. అదే చల్లగాలి. మోటారుకు కరెంటు అందుతోంది, వేడి పుట్టించే కాయిల్‌కి అందడం లేదు, లేదా కాయిలే తెగి ఉండాలి. ప్లగ్గు పీకి వెనకరేకు విప్పాడు. మీటరు పెట్టి చూస్తే కాయిల్ తెగలేదు. వేడి మితిమీరితే ఆపేసే బిళ్ల కూడా బాగానే ఉంది. టార్చి వేసి వంగి చూశాడు, అప్పుడు దొరికింది. కాయిల్‌కి వచ్చే తీగ, స్క్రూ కింద మాడి బొగ్గైపోయి ఉంది. స్క్రూ వదులు. వదులు జాయింటు లోలోపలే వేడెక్కి, తనను తానే కాల్చుకుంది.

స్క్రూ తల నిండా గీతలున్నాయి. స్క్రూడ్రైవరు పదేపదే జారిన గీతలు. పని కొత్తగా నేర్చుకునేవాడు చేసినట్టుంది.

గంగాధరం పనా ఇది? కొండలరావు ఒళ్లు తేలికైపోయింది. అంతకు మించిన సంతోషం ఈ మధ్యకాలంలో అతనికి లేదు. డాక్టరమ్మను పిలిపించాడు.

“చూడండమ్మా. గంగాధరంగారు బిగించిందేనండి ఇది. వదులుగా వదిలేశారు. ఇంకొన్నాళ్లుంటే బట్టలు అంటుకునేవండి. పసిపిల్లలున్న చోటండి మరి.”

ఆవిడ మొహం మారిపోయింది. “ఆయన మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాం! ఇకమీదట మా పనులన్నీ మీరే చూడండి కొండలరావుగారూ.”

“ఆయ్,” అన్నాడు.

మాడినంత మేర కోసేసి, కొత్త ముక్క వేసి గట్టిగా బిగించాడు. మిషను వెచ్చగా ఊపిరి వదిలింది. సుబ్బమ్మ నవ్వుతూ రెండు చేతులూ చాచి చలి కాచుకుంది. మాడిన ముక్కను మాత్రం అతను పారెయ్యలేదు, జేబులో వేసుకున్నాడు. గంగాధరం కళ్లముందు పెట్టాలి. ఏమీ అనక్కర్లేదు, ఊరికే పెట్టాలి.

భోజనం దగ్గర కనకదుర్గ, “అన్నయ్యగారికి ఒంట్లో బాగోలేదంట కదండీ, ఓసారి చూసి రండి,” అంది.

“వెళ్తున్నాను,” అన్నాడు ఉత్సాహంగా. ఆమెకు ఆశ్చర్యం వేసింది.

పొద్దువాలేవేళ బత్తాయిలు కొనుక్కుని భట్నవిల్లిలో గంగాధరం ఇంటికి వెళ్లాడు. సందు మొదట్లోనే సైకిలు దిగాల్సి వచ్చింది. సందు పొడుగునా గొడుగులే. లోపల చాప మీద గంగాధరం పడుకుని ఉన్నాడు. తల దగ్గర దీపం. మధ్యాహ్నం కాస్త గంజి తాగి నిద్రపోయినవాడు మరి లేవలేదట.

ఇంత వానలో ఇంతమందా! నేను పోతే వస్తారా? కొండలరావుకు ముందు వచ్చిన ఆలోచన అదే. అలా అనుకున్నందుకు తనే అదిరిపడ్డాడు.

గంగాధరం భార్య చిట్టెమ్మ అతన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వచ్చేరా అన్నయ్యగారూ! ఏడాదిగా చేతులు వణికేవండి ఆయనకి. ఎవరికీ చెప్పొద్దనేవారు. పని మానెయ్యండి అంటే, జనం పిలవడం మానేస్తే నేనేమైపోతానే అనేవారండి.”

పిలవకపోతే మనిషి ఏమవుతాడో ఆ గదిలో కొండలరావుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ భయం గంగాధరానికీ ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. బత్తాయిల సంచి చేతిలోనే, మాడిన తీగముక్క జేబులోనే ఉండిపోయాయి.

వాకిట్లో కారు ఆగింది. చెప్పులు విడుస్తున్న డాక్టరమ్మకు అతను ఎదురెళ్లాడు.

“అమ్మా, పొద్దున నేనన్నది తప్పండి. ఆ మిషను అదురుకి ఎవరు బిగించినా వదులవుతుందండి. ఆయన పనిలో లోపం లేదండి.”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. “అలాగేనండి,” అని మెల్లగా లోపలికి వెళ్లింది.

కొండలరావు వరండాలో ఓ పక్కకు జరిగి నిలబడ్డాడు. అక్కడ గంగాధరం పనిబల్ల ఉంది. దాని మీద ఎవరిదో టేబుల్ ఫ్యాను, జాలీ విప్పి పెట్టి ఉంది. మూడు రెక్కల్లో రెండు తుడిచి తళతళలాడుతున్నాయి. మూడోదాని మీద దుమ్ము అలాగే ఉంది.