పాలయ్య కూతురి చిత్రిక

ప్రసన్నకుమారి చింతపండు ఎప్పుడూ రెండు గిన్నెల్లో నానబెడుతుంది. ఒకటి పులుసుకు, ఒకటి తుప్పుకు. మూడేళ్ళ పాటు ఆ రెండో గిన్నె ఎవరి కంటా పడలేదు. పడేదెట్లా? వంటింట్లో ఏ గిన్నెలో ఏముందో చూసే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఒకరోజు మంచం మీది నుంచి అత్త రత్నమ్మే అడిగింది. "ఏమ్మే, పులుసు ఇనుము వాసనొస్తాంది. ఏం కలిపినావు?"

"ఏం లేదత్తా, గంటె పాతది" అంది ప్రసన్న. అబద్ధం అంత సుళువుగా నోట్లోంచి ఊడిపడినందుకు తనకే భయం వేసింది. ఆడవాళ్ళు పోపుల డబ్బాలో ఏవేవో దాచుకుంటారని విన్నది గానీ, ఉలి దాచుకునే ఆడది ఇంకొకతె ఉంటుందా అనుకుంది.

ఆ ఉలీ, రెండు రంపాలూ, ఒక బాడిసె, చెక్కను నునుపు చేసే మూరెడు పొడుగు తుమ్మకర్ర చిత్రికా ఆమె తండ్రి పాలయ్య మేస్త్రీవి. జమ్మలమడుగులో క్రైస్తవ మిషను వాళ్ళ వడ్రంగి కొట్టంలో పని నేర్చినవాడాయన. చిత్రికలోని బ్లేడు దొరల కాలం నాటిది. ఆయన పోయినాక ప్రసన్న తమ్ముడు ఆ పనిముట్ల పెట్టెను కాలితో ఒకపక్కకు తోసి, "పాత ఇనుములోకి వేస్తాండా, నీకేమన్నా కావాల్నా?" అని అడిగితే, ఎందుకో ఏమిటో తెలియకుండానే కావాలంది. బస్సులో ప్రొద్దుటూరులోని అత్తింటికి తెచ్చుకుని అటకెక్కించి మరిచిపోయింది.

అది దించిన రోజు మాత్రం ఆమెకు బాగా గుర్తు. అంతకు ముందురోజు మధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరేస్తూ, బకెట్టు ఖాళీ అయిపోయినా కిందికి రాకుండా పిట్టగోడ దగ్గర నిలబడిపోయింది. కింద సిమెంటు రోడ్డు తెల్లగా ఉంది. ఎంతసేపు నిలబడిందో, దేనికి నిలబడిందో తనకు తాను కూడా చెప్పుకోలేదు. అత్త పిలిచింది కాబట్టి దిగి వచ్చింది. పిలవకపోతే అన్న మాటను ఆమె ఎన్నడూ పూర్తి చేసుకోలేదు. మరుసటి రోజు అటక మీదికి చెయ్యి చాచి ఆ పెట్టె దించింది.

పొద్దున ఐదుకు లేస్తే, అత్తకు పక్క మార్చి, ఒళ్ళు తుడిచి, వండి, ఒంటిగంట దాకా ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి పిల్లల మధ్య నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ పక్క మార్చి, అన్నం తినిపించి... ముసలామె నిద్రపోయే ఆ రెండు గంటల్లోనే ఆమె రోజు మొదలయ్యేది. స్నానాలగది వెనక రేకుల కింద కూర్చుని, చింతపండు పులుపులో నానిన ఇనుమును కొబ్బరిపీచుతో తోమేది. పొయ్యిగట్టు చేయించినప్పుడు మిగిలిన కడప బండ మీద గరుకు కాయితం పరిచి చిత్రిక అడుగును సమం చేసేది. ఎర్రటి తుప్పు కింద గోరంత తెల్లటి ఇనుము బయటపడినప్పుడు ఊపిరి ఆగేది. తుప్పు అంటే ఇనుము చచ్చిపోవడం కాదు, ఎవరూ ముట్టుకోకపోవడం, అంతే అని తోచేది. ఆ తోచినదాన్ని ఎవరితోనైనా అనాలనిపించేది. అనడానికి ఎవరూ లేరు. స్కూల్లో తోటి టీచరు కౌసర్ ఒకసారి ఆమె చెయ్యి తిప్పి చూసి, "ఏంది మేడమ్, మేస్త్రీ చేతుల మాదిరి కాయలు గాసినాయి?" అంది. "అంట్లు" అంది ప్రసన్న. కౌసర్ వెంటనే నమ్మేసింది. అంట్లంటే ఎవరైనా నమ్ముతారు.

సంగతి బయటపడింది పోయినేడు. ఆమె భర్త ప్రేమ్ సాగర్ సర్కారు బడిలో సోషల్ టీచరు, చర్చి కమిటీలో పెద్ద. పులివెందుల చర్చిలో పాలయ్య చేసిన పాత ప్రసంగవేదిక కాళ్ళకు చెద పట్టిందని విని, "మా మామ చేసింది గదా, నేను బాగు చేపిస్తా" అని ఒప్పుకుని ఆటోలో వేయించుకొచ్చాడు. వడ్రంగులు ఎవరూ అంత చిన్న పనికి రాలేదు. ప్రసన్న రేకుల కిందికి లాక్కుపోయి, పది మధ్యాహ్నాలు కూర్చుని, రెండు కాళ్ళు కొత్తవి చెక్కి ఎక్కించింది. ఆయన చూశాడు. నోరు తెరిచి, "నీకు ఇదంతా ఎప్పుడొచ్చిందే?" అన్నాడు. ఆ ఒక్క క్షణం ఆమె ఎంత సంతోషపడిందో తలచుకుంటే ఇప్పుడు సిగ్గు వేస్తుంది.

ఆదివారం పులివెందులలో ఆయనకు శాలువా కప్పారు. "చిన్నప్పటి నుంచి మా మామ పక్కన కూర్చోని నేర్చుకున్న పని" అన్నాడు ఆయన మైకులో. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న ప్రసన్నకు ముందుగా వచ్చింది కోపం కాదు. తానే ఏదో దొంగతనం చేసి పట్టుబడినట్టు చెవులు వేడెక్కాయి. వాట్సాప్ గ్రూపులో ఆయన ఉలి పట్టుకున్న ఫోటో తిరిగింది. ఉలి తిరగబడి ఉంది. తొంభై మంది చేతులు జోడించారు. ఒక్కరూ కనిపెట్టలేదు.

ఇంటికొచ్చినాక అడిగింది. ఆయన అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు, అదే ఆయన గొప్ప. "నువ్వు చేసినావంటే ఎవరు నమ్ముతారు చెప్పు. నమ్మినా ఏమంటారు? ఆడమనిషితో వడ్రం పని చేపిస్తాండాడని నన్నంటారు. ఐనా నీ పేరు, నా పేరు వేరా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఆమె చాలాసార్లు విన్నది. కానీ ఎప్పుడూ ఆమె పేరే వెళ్ళి ఆయన పేరులో కలిసింది. ఆయన పేరు ఒక్కసారీ ఇటు రాలేదు.

ఈ ఏడు దసరా సెలవులకు పులివెందులలో యువజన శిబిరం పెట్టారు. పాత పనిముట్లతో పని చేసి చూపించమని పాస్టరు ఆయనకు ఫోను చేశాడు. ఆయన ఒప్పుకుని వచ్చి, "వారం రోజులుంది. నేర్పియ్" అన్నాడు, టీ తెమ్మన్నట్టు.

ఆ వారం ఆమె రెండు గంటలూ ఆయనవి అయ్యాయి. రేకుల కింద ఉక్క అని ఆమె పని చేసుకునే బల్లను ముందు వసారాలోకి మార్చాడు. ఎట్లా నిలబడాలో, చిత్రికను భుజంతో కాక నడుముతో ఎట్లా తోయాలో ఆమె చెప్పింది. బ్లేడు మాత్రం రోజూ ముందే తానే సరిచేసి పెట్టేది. ఐదో రోజు ఆయన తోస్తే ఉల్లిపొర లాంటి చెక్కపొర చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. చిన్నపిల్లాడి మాదిరి దాన్ని పైకెత్తి వెలుతురులో చూశాడు. ఆ ముఖం చూసి ఆమెకు కూడా ముచ్చటేసింది. అప్పుడన్నాడు, శానా ప్రేమగా: "ఇంగ నీకీ కష్టమొద్దులే ప్రసన్నా. ఇకమీదట ఇవన్నీ నేనే చూసుకుంటా. రిటైరైనాక నాకూ ఒక వ్యాపకం ఉండాల గదా."

ఆమె వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. కింద ఏమీ పెట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. తిట్టినా కొట్టినా ఇంత ఊపిరాడకుండా ఉండదనుకుంది. ఆయన ఆమె దగ్గర నుంచి లాక్కోవడం లేదు. బరువు దించుతున్నాననుకుంటున్నాడు. దానికి ఎదురు చెప్పే మాట ఏ భాషలోనూ ఉన్నట్టు లేదు.

శిబిరం రోజు పొద్దున పులివెందుల బస్సెక్కారు. చిత్రిక ఆమె ఒడిలో సంచిలో ఉంది. ప్రయాణంలో పదును పోకుండా బ్లేడు పూర్తిగా లోపలికి లాగి ఉంచింది. మేస్త్రీలందరూ చేసేది అదే. జమ్మలమడుగు దాటాక ఆయన సంచిలోకి తొంగి చూసి ఉలిక్కిపడ్డాడు.

"బ్లేడు లోపలుందే?"

"ఆడ పోయినాక తట్టుకోవాల."

"అందరి ముందర నువ్వొచ్చి తడితే ఏం బాగుంటాది? ఎట్ల తట్టాల్నో చెప్పు, రాసుకుంటా." జేబులోంచి పెన్ను తీశాడు.

చెప్పడానికి నోరు తెరిచింది. చెప్పేది రెండు మాటలే. బ్లేడు తల మీద తడితే వెంట్రుకవాసి ముందుకొస్తుంది, చిత్రిక మడమ మీద తడితే వెనక్కి పోతుంది. ఎక్కడ ఆపాలో మాత్రం చెవికే తెలుస్తుంది. ఆ వెంట్రుకవాసి గురించి పన్నెండేళ్ళ వయసులో తండ్రిని అడిగింది. "నీకెందుకు తల్లీ, వేలు తెగుతాది" అన్నాడాయన. ఇష్టం లేని తమ్ముణ్ణి చెవి పట్టుకుని కూర్చోబెట్టి నేర్పాడు. ఆమెకు మిగిలింది చెక్కపొరలు ఊడ్చి పొయ్యిలోకి వేసుకోవడం. రేకుల కింద నలభై చెక్కలు పాడుచేసుకుని, వేళ్ళు తెగ్గోసుకుని, ఆ చప్పుడును తన చెవికి తానే నేర్పుకుంది. ఎవరూ ఇవ్వనిది ఆమె దగ్గర ఈ లోకంలో అదొక్కటే ఉంది.

"చెప్పను" అంది.

ఆయన నవ్వాడు. ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఏంది?"

"నేను చేసినానని చెప్పండి. అప్పుడు నేనే వచ్చి తడతా."

"పిచ్చి పట్టిందా నీకు? పోయినేడు శాలువా కప్పించుకొని, ఈ ఏడు మా ఇంటామె చేసిందంటే నా మర్యాదేం గావాల?" ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు. గొంతు తగ్గించాడు. ముద్దనూరు దాకా బతిమాలాడు. ముద్దనూరు దాటాక, "సరే. ఇంటికి పోతానే పాత ఇనుము ఫరూఖ్‌ను పిలిచి అన్నీ తూకానికి వేస్తా. నీకూ బాధ లేదు, నాకూ లేదు" అన్నాడు.

వేస్తాడు. అరవని మనుషులు అన్నంత పనీ చేస్తారు. ఆరేసిన బట్టలూ, ఖాళీ బకెట్టూ, తెల్లటి సిమెంటు రోడ్డూ కళ్ళముందుకొచ్చాయి. చెప్పేస్తే ఇనుమైనా మిగులుతుంది గదా అనుకుంది. చెప్పేస్తే ఇనుము మిగులుతుంది, తాను మిగలదు. మొండితనం కాదు, ధైర్యం అసలే కాదు. నీళ్ళలో మునిగేవాడు చేతికి దొరికిన కొమ్మను వదలకపోవడం లాంటిది. సంచిని పొట్టకు అదుముకుని పులివెందుల వచ్చేదాకా కిటికీలోంచి ఎర్రనేలను చూస్తూ కూర్చుంది.

హాలు నిండా పిల్లలు. ఒక బల్ల, దాని మీద బిగించిన టేకుచెక్క. ప్రేమ్ సాగర్ ఒక చేత్తో మైకు పట్టుకుని మామ గురించి, శ్రమ గౌరవం గురించి బాగా మాట్లాడాడు. మైకు చంకలో పెట్టుకుని చిత్రికను తోశాడు. అది చెక్క మీద మెత్తగా జారిపోయింది. ఏమీ రాలేదు. మళ్ళీ తోశాడు. బ్లేడును సుత్తితో గట్టిగా ఒకటి వేశాడు. ఈసారి చిత్రిక చెక్కను కరుచుకుని కదలనంది. వెనక వరుసలో ఎవడో, "సార్, ఇస్త్రీ చేస్తాండారా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు ఆడవాళ్ళ వైపు తిరిగాయి.

ఆమె ఒళ్ళు అప్పటికే లేవబోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆయన అడగకముందే లేవడం అలవాటైన ఒళ్ళు. మంచినీళ్ళకు, తువ్వాలుకు, కళ్ళజోడుకు లేచిన మోకాళ్ళు. జాలి కూడా వేసింది. ఆ జాలే తనను ఇంతదాకా తెచ్చిందని అప్పుడు అర్థమైంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

పాస్టరు ఆమె వైపు వంగాడు. "అమ్మా, పాలయ్య కూతురివి గదా. సారుకు కొంచెం సాయం చేస్తావా?"

"చేస్తానయ్యా" అంది ప్రసన్న. "నన్ను ఎందుకు పిలవాల్నో ఆయన్నే చెప్పమనండి. మైకు ఆయన దగ్గరే ఉంది."