సందు మొదట్లో ఆగిన బండి

"రెండు నిమిషాల్లో వచ్చేస్తాను కదా, బండి ఎక్కడ పెడితేనేం?" ఈ మాట అనుకోని వాళ్లు మనలో ఎంతమంది ఉంటారో చెప్పండి. 2016 ఏప్రిల్‌లో ఒక ఉదయం, రాయపూర్ బట్టల బజారులో అమూల్య కూడా ఇలాగే అనుకుంది. అత్తగారి జాకెట్టుకు లైనింగు గుడ్డ కొనాలి. సందు మొదట్లో గోడ మీద 'ఫైరింజను దారి, బండ్లు పెట్టరాదు' అని హిందీలో ఎర్రగా రాసి ఉంది. ఆ రాత కిందే అప్పటికి పాతిక బండ్లున్నాయి. వాటి మధ్య తన స్కూటీని ఇరికించి, దొంగల భయం కొద్దీ హ్యాండిల్ లాక్ వేసి, తాళం పర్సులో పడేసుకుని ఆమె లోపలికి నడిచింది.

ఆ రాత విలువ తెలియని మనిషి కాదు అమూల్య. ఆమె భర్త గిరిధర్ ఆ ఊళ్లోనే ఫైర్‌మన్. వాళ్లది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబం. అన్నానికి కూర్చుంటే చాలు, ఇరుకు సందుల గురించే గిరిధర్ గోల. "కనీసం లాక్ వెయ్యకే తల్లీ! లాక్ లేకపోతే పక్కకి జరిపేస్తాం. ఉంటే నలుగురం ఎత్తాలి," అనేవాడు. "మీ డ్యూటీ మాటలు డ్యూటీలోనే పెట్టుకోండి," అని అమూల్య నవ్వి చారు పోసేది.

ఆమె కొట్లో రంగు చూసుకుంటూ ఉండగానే సందు చివరి గోదాములోంచి పొగ లేచింది. కేకలు, పరుగులు. కొట్టు వెనక దారి గుండా జనం ఆమెను బజారు అవతలికి తోసుకుపోయారు. బండి దగ్గరికి వెళ్లబోతే పోలీసులు వెళ్లనివ్వలేదు.

ఆ గోదాము వెనక గ్యాస్ సిలిండర్ల నిల్వ ఉంది, దాని చుట్టూ వేల ఇళ్లు. ఫైరింజను వచ్చింది కానీ సందు మొదట్లోనే ఏడు నిమిషాలు ఆగిపోయింది. లోపలికి చేరేసరికి గోదాము మెట్లు కాలిపోయాయి. గిరిధర్, మరో ఇద్దరు పక్క మేడ మీంచి గోదాములోకి దిగి, సిలిండర్ల వైపు గోడను తడుపుతూ నిలబడ్డారు. గోడ నిలిచింది. ఊరు మిగిలింది. కాలిన కప్పు కూలి, బయటపడడానికి మెట్లు లేక ఆ ముగ్గురూ పోయారు.

మూడో రోజున ఫైరింజను డ్రైవర్ అచ్చయ్య స్కూటీని రిక్షాలో తెచ్చి వాళ్ల వాకిట్లో దించాడు. హ్యాండిల్ విరిగి ఉంది. "తొక్కిసలాటలో పడిపోయింది అత్తా," అంది అమూల్య, అత్తగారు దాలమ్మ అడగకముందే. అచ్చయ్య ఆమె మొహం ఒకసారి చూసి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు.

అప్పటినుంచి దాలమ్మ రోజూ దేవుడి ముందు దీపం పెట్టి ఒకటే మాట అనేది. "బండ్లు అడ్డమెట్టినోల సేతులిరిగిపోనూ. నా కొడుకుని పొట్టనెట్టుకున్నారు." వంటింట్లో అమూల్య చేతిలో గరిటె ఆగిపోయేది. మామగారు ఎప్పుడో పోయారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు. నిజం చెబితే ఆ ఒక్క మనిషీ దూరమవుతుంది. చెప్పకపోతే ముద్ద గొంతు దిగదు. ఆ నరకంలో రెండేళ్లు గడిచాయి. లైనింగు గుడ్డ పొట్లం విప్పకుండానే పెట్టె అడుగున ఉండిపోయింది.

2018 ఏప్రిల్ పద్నాలుగు, అగ్నిమాపక దినం. ఫైర్ స్టేషన్ ఎదుట స్మారకం కట్టారు. నల్లరాతిలో ముగ్గురు మనుషులు, ముగ్గురి చేతుల్లో ఒకే గొట్టం. తెర తీయడానికి అమూల్యను పిలిచారు. పెద్దలు త్యాగం గురించి చాలాసేపు మాట్లాడారు. ఆమె వెళ్లి తాడు పట్టుకుని, ఎందుకో తల తిప్పి చూసింది. స్టేషన్ గేటు ముందు పసుపు గీతల మీద అతిథుల కార్లు వరుసగా నిలిపి ఉన్నాయి. లోపల కొత్త ఫైరింజను మెడలో బంతిపూల దండతో ఉంది. అది బయటికి రావాలంటే దారి లేదు.

అమూల్య తాడు వదలకుండానే మైకు అడిగి తీసుకుని హిందీలో చెప్పింది. "ఆ రోజు సందులో అడ్డంగా ఉన్న బండ్లలో ఒకటి నాది. రెండు నిమిషాలే కదా అనుకున్నాను. లాక్ కూడా వేశాను. నా భర్త దారికి అడ్డం పడింది నేనే. మీ కార్లు అక్కడ ఉండగా ఈ తాడు లాగలేను." 

ముందు వరసలో దాలమ్మ కొయ్యబారిపోయింది.

అప్పుడు అచ్చయ్య లేచి వచ్చాడు. "నాకు తెలుసమ్మా," అన్నాడు. "ఆ బండి గిరే ఎత్తినాడు. 'మాదే బాబాయ్, ఇంటికెల్లి దీని సంగతి సెప్తాను' అని ఇసుక్కుంటూనే నవ్వినాడు. ఎవరికీ సెప్పొద్దన్నాడు. అందుకే సెప్పలేదు."

అమూల్య అక్కడే కూలబడి భోరుమంది. రెండేళ్లుగా రాని ఏడుపు అది.

కార్లవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఒక డ్రైవరు టీకి వెళ్లాడు, ఇంకొకడి తాళం దొరకలేదు. గేటు ముందు ఖాళీ అయ్యేసరికి అచ్చయ్య గడియారంలో పదకొండు నిమిషాలు గడిచాయి.

అంతసేపూ దాలమ్మ కదల్లేదు. ఆ తర్వాత నెమ్మదిగా వచ్చి కోడలి పక్కన నిలబడింది. నిన్ను క్షమించాను అనలేదు. ఆ మాట ఆమె వల్ల కాలేదు. శపించనూ లేదు. అమూల్య రెక్క పట్టుకుని లేపి, జారిపోయిన తాడును మళ్లీ ఆమె చేతికిచ్చి, పైన తన చెయ్యి వేసి లాగింది. తెర జారింది. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే దాలమ్మ చెయ్యెత్తి ఆపింది. రాతిలోని కొడుకు మొహాన్ని చూస్తూ, హిందీ వచ్చినా తెలుగులోనే అంది. 

"నా కొడుక్కి బొమ్మ కట్టమని నానెవుల్నీ అడగలేదు. ఆ పొద్దు దారిచ్చుంటే సాలు. బతికున్నోలకైనా ఇయ్యండి."