బావ వాటా

ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా ముందు స్నానాలగదిలోకి తొంగిచూసే రకం ఆ ప్లంబరు. ఎక్కడ కుళాయి కారినా అతని ప్రాణం ఒప్పదు. ఆ బుద్ధే చివరికి అతని కొంప ముంచింది.

నెలకో ఆదివారం మధ్యాహ్నం, మూసి ఉన్న పళ్ళ ఆసుపత్రిలో అతనితో కలిపి నలుగురు చేరేవారు. ఇళ్ళల్లో రెండు మూడు రకాల విస్కీలు కలిపి, కొన్నాళ్ళు ఊరనిచ్చి, దగ్గుమందు సీసాల్లో పోసి తెచ్చేవారు. ఒకరిది ఒకరు రుచి చూడటం, రోగులు పుక్కిలించే తొట్టిలోనే ఉమ్మటం, మొహమాటం లేకుండా తిట్టుకోవటం. ఈ పిచ్చి అందరికీ అంటించింది ప్లంబరు బావ. వాసన చూసి సరుకు చెప్పెయ్యగలడని అందరూ ఆయన్ని ముక్కుగారనేవారు. ఆయన కలిపినదాన్ని మాత్రం ఎవరూ ఉమ్మిన పాపాన పోలేదు. ఏది ఎంత కలిపావని అడిగితే, "కొలిచి పోస్తే అది మందవుతుందిరా" అని నవ్వేసేవాడు. ఆ గుట్టు విప్పకుండానే గుండె ఆగి పోయాడు. అక్క దగ్గర సగం సీసా మిగిలింది.

ఒక సాయంత్రం అక్క తమ్ముణ్ణి లోపలికి పిలిచి గొంతు తగ్గించింది.

"ఎవరితో అనకురా. మీ బావ వస్తున్నారు."

అల్మరా తలుపు తీసింది. సీసా చుట్టూ ఒకదాని కింద ఒకటి దారాలు కట్టి ఉన్నాయి. విస్కీ అన్నిటికంటే కింది దారానికీ కిందే ఉంది.

"ఎంతుందో అక్కడికి దారం కడతాను. మళ్ళీ చూస్తే తగ్గి ఉంటుంది. ఈ ఇంట్లో నేను కాక ఇంకెవరున్నారు?"

అల్మరా నిండా బావ చొక్కా వాసన. వెనక నిలబడి ఎవరో భుజం మీదుగా చూస్తున్నట్టనిపించి, తిరిగి చూడటానికి ప్లంబరుకు ధైర్యం చాలలేదు.

"భయం వెయ్యట్లేదా అక్కా?"

"మొగుడు ఇంటికొస్తే భయమేంట్రా? బతికుండగా ఇంత బుద్ధిగా ఎప్పుడొచ్చారు గనక!" అని, దగ్గుమందు సీసాలో కొంచెం పోసిచ్చింది. "మీవాళ్ళకీ పట్టుకెళ్ళు. ఆయన సంతోషిస్తారు."

ఆ ఆదివారం పళ్ళ డాక్టరు ఒక గుక్క పుక్కిట పట్టి చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"ముక్కుగారే. కానీ చిక్కిపోయారు. బిరడా ఎండిపోయి గాలి తగులుతున్నట్టుంది. పీపాల్లోంచి ఇలా ఆవిరైపోయేదాన్ని దేవతల వాటా అంటారులే. ఇలాగే వదిలేస్తే ఈ రుచి ఇంక మనకి దక్కదు."

దయ్యం లేదన్న ధైర్యం కంటే బావ రావట్లేదన్న దిగులే ప్లంబరుకు ఎక్కువైంది. అయినా మర్నాడే వెళ్ళి, అక్క మేడ మీద బట్టలు ఆరేస్తుండగా కొత్త బిరడాకు పైపులకు చుట్టే తెల్ల టేపు చుట్టి బిగించాడు. చెప్పి ఆమె మనసు నొప్పించడమెందుకనుకున్నాడు. దారాల సంగతి తట్టనేలేదు. కారే చోటు కనబడితే అతనికి ఇంకేమీ కనబడదు.

నెల తిరిగాక అక్క కబురు పెట్టింది. వెళ్ళేసరికి తల దువ్వుకోకుండా గోడకానుకుని కూర్చునుంది.

"రావట్లేదురా. దారం దగ్గరే ఆగిపోయింది." కళ్ళెత్తి సూటిగా చూసింది. "నువ్వొచ్చి వెళ్ళినప్పట్నుంచే. నిజం చెప్పు, ఏమన్నావు ఆయన్ని?"

బిరడా మార్చానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే, ఇన్నాళ్ళూ వచ్చింది కూడా బావ కాకుండా పోతాడు. చచ్చినవాణ్ణి తన చేత్తో మళ్ళీ చంపినట్టే. అనకపోతే, లోకంలో మిగిలిన ఆ కాస్త రుచినీ గాలికి వదిలెయ్యాలి.

"మాటామాటా అనుకున్నామక్కా. తప్పు నాదే. నువ్వు కాసేపు బయటుండు, బతిమాలుకుంటాను."

అల్మరాలో ఇప్పుడు కొయ్య వాసన తప్ప ఏమీ లేదు. బిరడా లాగాడు. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి, ఊపిరి అందినంతసేపు పీల్చాడు. బావ నిండుగా ఉన్నాడు. ఏడుపు ఆగలేదు.

"క్షమించు బావా" అన్నాడు. అది నటన కాదు. టేపు ఊడదీసి జేబులో వేసుకుని, బిరడాను వాలుగా, వదులుగా పెట్టాడు.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమన్నారు?"

"వస్తానన్నాడు. కాస్త నెమ్మదిగా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, తల దువ్వుకోవటానికి వెళ్ళింది.