పూలు ఊగిన చోట అత్తయ్య

నా భయమల్లా ఒక్కటే. మా అత్తయ్య ఆ చేలో పడిపోతే ఎవరికీ కనిపించదు. పొద్దుతిరుగుడు ఆమెకంటే ఎత్తు పెరిగింది.

పోయినసారి పువ్వు వీపు పసుపు రంగుకు తిరగకముందే తొందరపడి కోశాం. తడి ఆరనివ్వకుండా కుప్ప పోశాం. నూనె తక్కువ దిగింది, దిగినదీ కమురు వాసన. ఈసారి పంట చెడకూడదని, పురుగు కనబడగానే మా ఆయన మందు కొట్టాడు. కొట్టింది సరిగ్గా పూలు విచ్చుకుని తేనెటీగలు ముసిరిన పొద్దున. మర్నాడు వాకిట్లో నిలబడితే నా చెవులు మూసుకుపోయాయేమో అనిపించింది. చేలో రొద లేదు. తేనెటీగలు రాకపోతే పుప్పొడి అంటదు, అన్నీ తాలు గింజలే. బడి మానకముందు చదివినవాటిలో నాకు గుర్తున్నది అదొక్కటే.

అత్తయ్య మెత్తటి పాత గుడ్డ చేతికి చుట్టుకుని బయల్దేరింది. ఒక పువ్వు మీద మెల్లగా రాసి, ఆ పుప్పొడి పక్క పువ్వుకు అద్దుతూ వరుస వెంట వరుస.

"పూలకి మొహాలు కడిగి జడలు కూడా వేస్తావా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"నీకు చిన్నప్పుడు రోజూ కడిగాను, బుర్ర పెరిగిందా? వీటికి గింజన్నా పడుతుందేమో చూస్తా, పో!"

నిన్న తిరిగొచ్చేసరికి ఆమె కనుబొమల మీద కూడా పుప్పొడి. గడపలో కూర్చుని నవ్వింది, అంతలోనే కళ్లు తిరిగి గోడ పట్టుకుంది.

"ఆ మందు వల్లే అత్తయ్యా. రేపు వెళ్లొద్దు."

"ఆకలికి తిరిగాయిలే పిల్లా. నీకు పాలు పొంగినా భయమే!"

ఈ పొద్దున నేను లేచేసరికి ఆమె చేలో ఉంది. పాపకు జ్వరమని మా ఆయన డాక్టరు కోసం వెళ్లాడు. పాప నా ఒళ్లో కాలిపోతూ నిద్రపోతోంది. దీన్ని ఆ చేలోకి ఎలా తీసుకెళ్లను?

పూలన్నీ తూర్పుకే చూస్తాయి, మా ఇల్లు పడమట. కిటికీలోంచి నాకు వాటి వీపులే. గాలి లేదు. అంత ఆకుపచ్చలో ఒక పువ్వు ఊగుతుంది, ఆగుతుంది, దాని పక్కది ఊగుతుంది. అత్తయ్య నీళ్లడుగున ఈదుతున్నట్టుంది. చూస్తూ చూస్తూ నాకూ కన్ను మూతపడింది. తెరిచేసరికి ఏ పువ్వూ ఊగడం లేదు. పిలిచాను. పాప ఉలిక్కిపడింది గానీ చేలోంచి పలుకు లేదు.

నీడన నడుం వాల్చిందేమో. చెవుడు కూడా కొంచెం ఉంది. మా గట్టు మీదుగా వెళ్లేవారు ఎవరైనా సరే, కాస్త లోపలికెళ్లి చూడండి. భుజం తట్టండి. లేస్తే కోడలు పిలుస్తోందని చెప్పండి. లేవకపోతే గాలి తగిలే చోటికి ఎత్తుకొచ్చి, నాకు ఒక్క కేక వేయండి.