మ్యాగ్నెట్ ఎవరిది

"అక్కా, నీ మొఖం కనవడ్తలేదు," అన్నాడు జాబెజ్.

యూనీస్ వాడికి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లోనే నిలబడి ఉంది. వాడు ఎడమకన్ను మూసి కుడికంటితో చూస్తున్నాడు. గోడ కనపడుతోంది, గోడ మీది క్యాలెండర్ కనపడుతోంది. మనిషి వైపు చూస్తే మాత్రం ముఖం ఉండాల్సిన చోట నల్లమచ్చ. నొప్పి లేదు, నెత్తురు లేదు. అందుకే పక్క మిషన్ల వాళ్లకు ఏమైందో అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది.

ఆ రోజుల్లో ఊరంతా హైటెక్ సిటీ గొప్పలే. ఆ హైటెక్కు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీకి రేకుల కప్పు కింద వచ్చింది. అక్కడి లేజర్ షాపుల్లో జగన్మోహనరావుది ఒకటి. వజ్రప్పొడిని అణిచి చేసిన బిళ్లల్ని అక్కడ చిన్న ముక్కలుగా కోస్తారు. కార్ల ఫ్యాక్టరీల్లో లోహాన్ని చెక్కే పనిముట్ల కొసలకు ఆ ముక్కల్ని అతికిస్తారు. మామూలు రంపానికి లొంగని ఆ బిళ్ల లేజర్‌కు లొంగుతుంది. ఆ వెలుగు కంటికి కనపడదు. అందుకే మిషన్ చేసినవాడు దానికి తలుపు పెట్టాడు. తలుపు తీస్తే వెలుగు ఆగిపోవాలి.

ఆగితే జగన్మోహనరావుకు గిట్టదు. తీసి, వేసి, మళ్లీ మొదలుపెట్టేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని ఆయన బాధ. తలుపు పక్కనున్న స్విచ్చికి మ్యాగ్నెట్ తగిలిస్తే తలుపు మూసే ఉందని మిషన్ నమ్ముతుంది. ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత స్పీకర్లు కొనుక్కొచ్చి, వాటిలో మ్యాగ్నెట్లు ఊడబీకి మిషన్‌కొకటి పెట్టాడు. అప్పట్నుంచి అదో ఆచారమైపోయింది. షిఫ్టు దిగేవాళ్లు మ్యాగ్నెట్ తీసి ఎక్కేవాళ్ల చేతిలో పెట్టి, "నీ మిషన్ నీకు" అని వెళ్లిపోతారు. రాత్రి షిఫ్టు దిగుతూ ఆ పొద్దున జాబెజ్ చేతిలో పెట్టింది యూనీసే. ఆమె గడప దాటకముందే వాడు తెరిచి ఉన్న తలుపులోంచి బిళ్ల సర్దబోయి వంగాడు.

కంటి లోపలి పొర కాలిందన్నాడు దవాఖానలో డాక్టరు. మచ్చ ఇక పోదట. వాపు తగ్గడానికి మందులు వాడకపోతే మిగిలిన చూపుకూ మోసమేనట.

మర్నాడు జగన్మోహనరావు రెండు షిఫ్టుల వాళ్లనూ పిలిచాడు.

"పోరగాడు సొంత తెలివితోని మ్యాగ్నెట్ పెట్టుకున్నడు. నాకు తెల్వది. ఎవలడిగినా మీరందరు గదే చెప్పాలె. చెప్పినోళ్లకు పని ఉంటది."

"మరి వాని కన్ను, సార్?" అంది యూనీస్.

"వాని తప్పుకు నేనెట్ల జిమ్మేదార్నమ్మా? రేపట్నుంచి వాడు రావొద్దు."

ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు, అంతా వచ్చి మెదక్ నుంచి పనికొచ్చిన ఆ పిల్లాడి మీద పడింది.

మధ్యాహ్నం అందరూ అన్నం డబ్బాలు పట్టుకుని, ఏటా ఎగ్జిబిషన్ జరిగే నుమాయిష్ మైదానానికి నడిచారు. నుమాయిష్ లేని రోజుల్లో అక్కడ ఖాళీ స్టాళ్లు, వాటి నీడ, అంతే.

"సార్ చెప్పమన్నట్టు చెప్పేద్దాం," అంది సౌభాగ్య. యూనీస్ పక్క మిషన్ ఆమెదే. "నాకిద్దరు పిల్లలు. ఈ పని పోతే కిరాయి ఎవరు కడ్తరు?"

"రేపు నీ కన్ను పోతే, మేము గిట్లనే చెప్పాల్నా?" అన్నాడు పెంటయ్య. కోసిన ముక్కల్ని అతికించే పని ఆయనది, అందరిలో పెద్దవాడు.

"బంద్ పెడ్దాం," అన్నారెవరో.

"పెడ్తే పని కోసం గేటు బయట నిలవడ్డోళ్లను లోపటికి పిలుస్తడు. అయిపాయె," అన్నాడు పెంటయ్య.

యూనీస్ డబ్బా మూత కూడా తియ్యలేదు. "బంద్ వద్దు, పెంటన్నా. పని చేద్దాం. తలుపు మూసి చేద్దాం. మ్యాగ్నెట్లు తీసి మన దగ్గర పెట్టుకుందాం. జాబెజ్‌కు మందులిప్పిచ్చి మల్ల పనిల పెట్టుకునేదాంక ఎవ్వరి చేతిల పెట్టొద్దు."

"తలుపు మూస్తే పనెంతయితది?" అంది సౌభాగ్య.

"ఎంతయితే అంత."

"నా మిషన్‌ది నేనే తీస్త," అంటూ లేచింది సౌభాగ్య.

ఆ సాయంత్రం షిఫ్టు దిగేవాళ్లు ఎక్కేవాళ్ల చేతిలో ఉత్త చెయ్యి పెట్టారు. వాళ్లు ఆ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

తయారయ్యే ముక్కలు సగానికి సగం పడిపోయాయి. పెద్ద ఆర్డరు నెత్తిమీదుంది. జగన్మోహనరావు అరిచాడు, బతిమాలాడు, మళ్లీ అరిచాడు. "చేస్తనే ఉన్నం గద సార్," అనేవాళ్లు తలెత్తకుండా. ఆఖరికి పోలీసుల్ని తెచ్చాడు.

ఎస్సై షెడ్డంతా కలియజూశాడు. "అందరు పని చేస్తున్రు గద. ఏం కేసు రాయాలె? ఏమన్న పోయిందా?"

"పోయింది. మిషన్ల మ్యాగ్నెట్లు. దీని జేబుల ఉంది సూడున్రి," అని యూనీస్‌ను చూపించాడు జగన్మోహనరావు.

"అవి మీవేనా?"

"నావే. నేనే కొన్న. ప్రతి మిషన్‌కు నా చేతులతోని నేనే పెట్టిన."

ఒక్కొక్క మిషనే ఆగింది. పెంటయ్య ముందుకొచ్చాడు. "జర మల్ల చెప్పున్రి సార్. జాబెజ్ మిషన్‌కు గూడ మీరే పెట్టిన్రా?"

జగన్మోహనరావు తేలు కుట్టిన దొంగలా ఎస్సై చాటుకు జరిగాడు. విషయం ఎస్సైకీ అర్థమైంది. అర్థమైతే మాత్రం? పిలిచింది షావుకారు. "స్టేషన్‌ల మాట్లాడుకుందాం. నడువమ్మా," అన్నాడు.

యూనీస్‌కు భయమేసింది. అయినా జేబులో మ్యాగ్నెట్ తీసి ఎస్సై చేతిలో పెట్టింది. "ఇది ఆయనదే అని రాయండి సార్. ఆయన చెప్పినట్టే రాయండి."

ఆ మాట జీపు కన్నా ముందే గల్లీ దాటింది. ఆ గల్లీలో ఉన్న ప్రతి లేజర్ షాపులోనూ ఇదే ఆచారం. ప్రతి షాపు యజమానీ తనకేమీ తెలియదనే పెద్దమనిషే. పొద్దుగూకేలోపు జనం పోలీస్ స్టేషన్ ముందు నిండిపోయారు. బషీర్‌బాగ్ కాలేజీల పిల్లలు విషయం తెలిసి బస్సులు దిగి వాళ్లలో కలిశారు. పెంటయ్య భుజం పట్టుకుని జాబెజ్ కూడా వచ్చాడు.

సౌభాగ్య కొంగుముడి విప్పి మ్యాగ్నెట్ తీసింది. స్టేషన్ ఇనుప గేటుకు పెట్టింది. టక్కున అతుక్కుంది.

"ఇది గూడ మా సార్‌దే. రాస్కోన్రి."

వెనకున్నవాడు తన షావుకారు పేరు చెప్పి ఇంకోటి అంటించాడు. ఆ వెనక ఇంకొకరు. కానిస్టేబులు ఒకటి ఊడబీకేలోపు రెండు అంటుకుంటున్నాయి.

లోపల బల్ల మీద కూర్చున్న యూనీస్‌కు ఆ చప్పుడు వినపడుతోంది. ఎస్సై విసుగ్గా ఆమె వైపు తిరిగాడు.

"ఇంకెన్ని ఉన్నయమ్మా మీ కాడ?"

"గల్లీల ఎన్ని మిషన్లుంటే గన్ని, సార్."